కొండమీద తోబుట్టువులు కొట్లాడుకోరా?

1

కిందటేడు ఒక సాహిత్య సభలో నేనొక ప్రశ్న వేశాను. మన కథల్లో మైదానపు అన్నదమ్ములు గట్టు తగాదాలతో కోర్టులకెక్కుతారు. కొండమీది అన్నదమ్ములు మాత్రం ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోరు. ఇది ఎట్లా సాధ్యం? వాళ్లు ఒకరినొకరు వెక్కిరించుకోరా? చోడి అంబలి ముంత దగ్గర పిల్లలు పెనుగులాడుకోరా? అన్నకు కొత్త గొడ్డలి కొనిస్తే తమ్ముడు ముఖం ముడుచుకోడా?

సభలో నవ్వులు వినిపించాయి. అధ్యక్షస్థానంలో వున్న పెద్దలు మర్యాదగానే జవాబిచ్చారు: "భూమి పోయిన మనుషుల గురించి మాట్లాడవలసిన చోట పిల్లల గిల్లికజ్జాల మాటెందుకు? అది బాలసాహిత్యం వారు చూసుకుంటారు." చప్పట్లు కొట్టారు. నేను కూర్చున్నాను. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు యిక్కడ చెబుతున్నాను. భూమి మాట వచ్చిన చోటనే గిల్లికజ్జాల మాట కూడా రావాలి. ఎందుకంటే ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే చూరు కింద పుట్టినవి.

ఆ ప్రశ్న నా బుర్రలో పుట్టినది కాదు. నాకు అది నా విద్యార్థులు నేర్పారు. అరకు ప్రాంతంలో ఒక కళాశాలలో తెలుగు చెబుతున్నాను. ఒకరోజు తరగతిలో ఒక కథ చదివి వినిపించాను. అన్న, చెల్లెలు అడ్డాకులు కోసుకురావడానికి అడవికి పోతారు. దారిలో అన్న చెల్లెలికి పళ్లు కోసిపెడతాడు. చెల్లెలు అన్న కాలిలో ముల్లు తీస్తుంది. సంతలో సావుకారు తూకంలో మోసం చేస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. కథ అయిపోతుంది. రచయిత పేరు మాత్రం నేను చెప్పలేదు.

చదవడం పూర్తిచేసి తలెత్తి చూస్తే వెనక బెంచీల్లో నవ్వులు. ఏమిటని అడిగితే ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, వీళ్లు తోబుట్టువులు కాదండీ, చుట్టపుచూపుగా వచ్చినోళ్లు. మా అన్నయితే ఆ ముల్లు తీసేముందు నా చేత బతిమాలించుకుంటాడు. నేనయితే ఆ పళ్లలో పెద్దది ఎవరికి వచ్చిందో చూసుకుంటాను." తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, నా నవ్వు వేరు. ఆ కథ నాది. పదేళ్ల క్రితం రాశాను. దానికి ఒక బహుమతి కూడా వచ్చింది. అరకులోయ అప్పటికి నేను చూసినది రైలు కిటికీలోంచే.

కాబట్టి యీ వ్యాసంలో నేను దెబ్బ వేసేవారిలో మొదటివాణ్ణి నేనే. పాఠకులు అది గుర్తుంచుకుంటే చాలు.

2

తోబుట్టువుల పోరు చిన్న విషయమని అనేవారు ముందుగా మన భాషను అడగాలి. తెలుగులో "దాయ" అనే మాట వున్నది. నిఘంటువు తీసి చూడండి. దానికి జ్ఞాతి అని ఒక అర్థం, శత్రువు అని ఇంకొక అర్థం. ఒకే మాట. "దాయాది" అంటే దాయంలో, అంటే పిత్రార్జితంలో, భాగం గలవాడు. "పాలివాడు" అన్నా అంతే. పాలు గలవాడు పాలివాడు. మన పూర్వులకు మనస్తత్వశాస్త్రం తెలియకపోవచ్చు. ఒకే తల్లి బిడ్డలు ఎప్పుడు, ఎందుకు శత్రువులవుతారో మాత్రం తెలుసు. ఆ తెలివిని ఒక్క మాటలో ముడివేసి మనకిచ్చారు. పాలు పంచుకునే చోట పగ మొలుస్తుందని ఆ మాట చెబుతున్నది.

భారతం తీసుకోండి. కురుక్షేత్రం ఎక్కడ మొదలైంది? జూదంలోనా? ద్రౌపది సభలోనా? కాదు, ఆటల్లో మొదలైంది. ఆదిపర్వంలో చిన్ననాటి భీముడు కౌరవ బాలురను ఎట్లా ఆటపట్టించాడో చూడండి. జుట్టు పట్టి ఈడ్చడం, నీళ్లలో ముంచి ఉక్కిరిబిక్కిరి చెయ్యడం, పళ్లకోసం చెట్టెక్కితే ఆ చెట్టును ఊపి పళ్లతోపాటు పిల్లలను కూడా రాల్చడం. వాళ్లు పెదతండ్రి బిడ్డలు. మన వరసల్లో అన్నదమ్ములే. వ్యాసుడు దాన్ని ద్వేషంతో చేసిన పని అనలేదు. పిల్లచేష్ట అన్నాడు. కాని ఆ పిల్లచేష్టను దుర్యోధనుడు విషంగా మార్చుకున్నాడు. ఎందుకు మార్చుకున్నాడు? చెట్టు ఊపినందుకా? మరి ఏ రాజ్యమూ లేని ఇంట్లో అన్న చెట్టు ఊపితే తమ్ముడు సాయంకాలానికి మరిచిపోతాడు గదా! రాజ్యం ఎవరిదనే ప్రశ్న వెనక నిలబడి వున్నది గనుకనే చెట్టు ఊపడం పగ అయింది.

ఇక్కడే మనకు, కొందరు మనస్తత్వవాదులకు తేడా వస్తున్నది. ఫ్రాయిడు, ఆడ్లరు తోబుట్టువుల ఈర్ష్యను గురించి విలువైన పరిశీలనలు చేశారు. పెద్దబిడ్డ తన గద్దె పోయిందని ఎట్లా కుములుతాడో ఆడ్లరు చెప్పినది ఏ తల్లినడిగినా నిజమే అంటుంది. కాని ఆ పసి ఈర్ష్య ఏ ఇంట్లో నవ్వులాటగా ముగుస్తుంది, ఏ ఇంట్లో కత్తిదూసుకునేదాకా పోతుంది అన్న ప్రశ్నకు మనస్సు ఒక్కటే జవాబు చెప్పలేదు. 1884లో ఎంగెల్సు కుటుంబాన్ని గురించి రాసిన గ్రంథంలో కుటుంబాన్ని, సొంత ఆస్తిని, రాజ్యాన్ని ఒకే శీర్షిక కింద పెట్టడం ఊరికే జరగలేదు. ఈర్ష్య అనే విత్తనం అన్ని ఇళ్లలోనూ వుంటుంది. అది ఎంత ఎత్తు పెరిగేదీ కింద వున్న నేల చెబుతుంది.

మరి, నేల సంగతి తేల్చదలచిన అభ్యుదయ సాహిత్యం యీ విత్తనాన్ని ఎందుకు పనికిరానిదిగా చూస్తున్నది?

3

మైదానపు సాహిత్యం తోబుట్టువులను ఏం చేసిందో క్లుప్తంగా చూద్దాం. మన దగ్గర వేళాకోళానికి ఒక వరస వున్నది. బావామరదళ్లు, వదినామరుదులు, బావాబావమరుదులు. వీళ్లు ఎంత మాటైనా అనుకోవచ్చు. పడ్డవాడు కోపం తెచ్చుకోగూడదు. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1940లో యిటువంటి సంబంధాలను గురించి రాస్తూ, స్నేహమూ వైరమూ ఒకే చోట వుండక తప్పని సంబంధాల్లో సమాజం ఎగతాళిని ఒక కట్టుబాటుగా ఏర్పరుస్తుందని వివరించాడు. మన కథకులు యీ వరసను బాగా వాడుకున్నారు. మరదలు బావమీద నీళ్లు చల్లని నవలలు తక్కువ. కాని ఆ పుణ్యాన ఎగతాళి అంతా బావామరదళ్ల వాటాకు పోయింది. తోబుట్టువులకు మిగిలినవి రెండే: రాఖీ కన్నీళ్లు, లేదా విభాగం దావా. ఆ రెండింటికీ నడుమ వున్న ముప్ఫైయేళ్ల జీవితం — పేర్లు పెట్టి పిలుచుకోవడం, చాడీలు చెప్పుకోవడం, ఒకరి పలక ఒకరు పగలగొట్టడం, ఒకరి గుట్టు ఇంకొకరు కాయడం — యిదంతా హాస్యకథల వారికి వదిలేశాం.

ఒరియాలో కాళిందీచరణ పాణిగ్రాహి 1931లో "మాటిర మణిష" రాశాడు. తండ్రి పోయిన తర్వాత అన్న బరజు, తమ్ముడు ఛకడి. పొలం పంచుకోవడమా, కలిసి వుండడమా అన్నదే కథ. చివరికి అన్న అంతా తమ్ముడికే వదిలేసి ఇల్లు విడిచిపోతాడు. గొప్ప నవలే. మట్టి వాసన వున్న నవల. కాని ఆ పరిష్కారాన్ని గురించి మనం తప్పక వాదించాలి. వాటాలు పుట్టించిన పోరును ఒక అన్న మంచితనం తీర్చగలదా? బరజు వంటి అన్న లేని ఇళ్ల సంగతి ఏమిటి? త్యాగం ఒక మనిషిని పెద్దవాణ్ణి చేస్తుంది. పొలం లెక్క అట్లాగే మిగులుతుంది.

అయినా, మైదానపు తోబుట్టువులకు కనీసం పోరాడుకునే హక్కయినా దక్కింది. కొండవాళ్లకు మన సాహిత్యం అది కూడా ఇవ్వలేదు.

4

"అమాయక గిరిజనుడు" అనే బొమ్మ మన కథల్లో ఎట్లా తయారైందో అందరికీ తెలుసు. తెల్లదొరల కాలంలో కొండవాడు అనాగరికుడు, కోపిష్ఠి, తాగుబోతు. దానికి విరుగుడుగా మనం వాణ్ణి పసిపాపను చేశాం. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం మంచిది కాదు. పసిపాపకు ఈర్ష్య లేదు, ఎత్తు లేదు, జిత్తు లేదు, వెక్కిరింత లేదు. కనుక వాడికి చరిత్ర కూడా లేదు. బయటివాడు వచ్చి మోసం చేస్తేనే వాడి కథ మొదలవుతుంది. బయటివాడు రాకముందు ఆ ఇంట్లో ఏమీ జరగలేదన్నట్లు! దొర గీసిన బొమ్మలోనూ మనం గీసిన బొమ్మలోనూ ఒక పోలిక వున్నది. రెండింటిలోనూ కొండవాడు పూర్తి మనిషి కాడు.

కొండల్లో ఎగతాళి లేదని ఎవరన్నారు? చైత్రమాసంలో ఇటుకల పండుగ రోజుల్లో విశాఖ మన్యానికి రండి. మగవాళ్లు వేటకు పోతారు. వేట దొరక్క ఉత్తచేతులతో తిరిగివచ్చిన వాళ్లను ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లే ఆచారం వున్నది. ఎంత మొనగాడైనా ఆ రోజు తలవంచుకుని పడవలసిందే. వెక్కిరింతను పండుగలో భాగం చేసుకున్న మనుషులను పట్టుకుని, వాళ్లకు వెక్కిరించడం రాదని కథలు రాస్తున్నాం!

ఇందుకు భిన్నమైన దారి ఒకటి వున్నదనడానికి మన పక్క కొండల్లోనే సాక్ష్యం వున్నది. గోపీనాథ మహంతి "పరజా" నవల 1945లో వచ్చింది. కోరాపుట్ కొండల కథ అది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ కొండలు మన విశాఖపట్నం జిల్లాలోవే. అరకులో నిలబడి చూస్తే ఆ కొండల వరస ఎక్కడ ఆగిందో చెప్పలేం. నవలలో సుక్రుజాని అనే పరజా రైతు. భార్య లేదు. ఇద్దరు కొడుకులు మాండియా, టిక్రా; ఇద్దరు కూతుళ్లు జిలీ, బిలీ. అప్పు తీర్చలేక తండ్రీ కొడుకులు ఒకరి తర్వాత ఒకరు సాహుకారు దగ్గర గోతిలవుతారు. గోతి అంటే అప్పుకు కట్టుబానిస. కూతుళ్లు రోడ్డు కూలికి పోతారు. పెద్దపిల్ల జిలీ చివరకు ఆ సాహుకారు ఇంటికే చేరుతుంది. భూమి తిరిగి ఇవ్వమని అడగబోయిన తండ్రీకొడుకుల గొడ్డలికి సాహుకారు కూలుతాడు.

ఇప్పుడు గమనించండి. మహంతి నలుగురు తోబుట్టువులను నలుగురు మనుషులుగానే పెంచాడు. ఒక్కొక్కరికీ ఒక కోరిక వున్నది. మాండియాకు కాజోడి మీద మనసు. జిలీకి బాగ్లా మీద మనసు. చివరకు ఆ బాగ్లా కాజోడిని చేసుకుంటాడు. అన్నకు పోయినదీ చెల్లెలికి పోయినదీ ఒక్క పెళ్లిలోనే పోయాయి. సాహుకారు దోచుకున్నది పొలం ఒక్కటే అయితే అది రెవెన్యూ రికార్డు అయ్యేది. అతడు ఒక ఇంటిని దోచుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరి ఆశ ఎవరి ఆశకు అడ్డం వచ్చిందో, ఎవరి అలక ఎవరు తీర్చారో ముందు తెలుసు గనుకనే ఆ దోపిడీ బరువు మనకు తెలుస్తున్నది. మహంతి ఉద్యోగరీత్యా ప్రభుత్వాధికారి. మన పార్టీలవాడు కాడు, మన సంఘాలవాడూ కాడు. అయినా వర్గదోపిడీని మనకంటె బాగా చూపగలిగాడు. ఎందుకంటే అతడు దోపిడీకి గురైనవాళ్లను దేవుళ్లుగానో పసిపాపలుగానో చూడలేదు.

తెలుగులోనూ యిప్పుడు మార్పు మొదలైంది. "శిలకోల", "గురి" వంటి సంపుటాలతో మల్లిపురం జగదీశ్ లాంటి రచయితలు ఆ సమాజం లోపలినుంచే వచ్చారు. నా వాదన వాళ్లతో కాదు. కిటికీలోంచి కొండలు చూసి రాసే నావంటివారితో నా వాదన.

5

నాతో విభేదించే మిత్రుల వాదాన్ని తక్కువచేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. దాని బలమైన రూపంలోనే చెబుతాను.

వాళ్లు అంటారు: "నువ్వు కొండవాళ్ల ఇళ్లలో పోరు చూపిస్తావు. దాన్ని శత్రువు వాడుకుంటాడు. వాళ్లలో వాళ్లకే పడదు, వాళ్లకు భూమి ఇస్తే తెల్లారేసరికి తన్నుకు చస్తారు అనేవాడికి నీ కథ సాక్ష్యమవుతుంది. రామాయణం చూడు. అడవిలో వుండే అన్నదమ్ములు వాలి సుగ్రీవులు. వాళ్ల పోరు కథలోకి వచ్చింది. వెంటనే బయటివాడు బాణం పట్టుకుని చెట్టు చాటున నిలబడ్డాడు. ఐక్యత కావలసిన సమయంలో చీలికలు చూపకు."

ఇది తేలిగ్గా కొట్టిపారెయ్యదగిన వాదం కాదు. వాలి సుగ్రీవుల పోలిక నన్ను కొన్నాళ్లు నిద్రపోనివ్వలేదు. కాని ఆలోచించి చూస్తే ఆ పోలిక నా పక్షానే నిలబడుతున్నది. బాణం వేసినవాడికి అన్నదమ్ముల పోరు కవి చెప్పగా తెలియలేదు. పోరులో ఓడిన తమ్ముడే వచ్చి చెప్పాడు. గుహ దగ్గర ఏం జరిగిందో అన్న ఒకటి అనుకున్నాడు, తమ్ముడు ఒకటి అనుకున్నాడు. ఆ అపార్థం గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే చోటు కిష్కింధలో లేకపోయింది. మాట్లాడుకునే చోటు లేనప్పుడే బయటివాడికి చోటు దొరుకుతుంది.

మన కొండల్లోనూ అంతే. సంతలో కూర్చునే సావుకారుకు ఏ ఇంట్లో అన్నకూ తమ్ముడికీ మాటలు లేవో తెలుసు. ఎవడి దగ్గరకు పోతే పసుపు తక్కువ ధరకు వస్తుందో, ఎవడు అన్నమీద కోపంతో చెట్టుమీది పంటను ముందే అమ్ముకుంటాడో వాడికి కంఠోపాఠం. ఆ లెక్కే వాడి పెట్టుబడి. ఆ పోరు సావుకారుకు తెలుసు, దళారికి తెలుసు, ఓట్లకు వచ్చేవాడికి తెలుసు. తెలియనిది మన కథకుడికొక్కడికే. శత్రువుకు తెలిసిన సంగతిని మిత్రుడి దగ్గర దాచడం ఏ రకమైన ఐక్యత?

ఐక్యత అంటే ఏమిటో కూడా ఒకమాట చెప్పుకోవాలి. 1922–24 మన్యం పితూరీలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర 1924లో చంపబడ్డాడు. మల్లుదొర శిక్ష అనుభవించి, బతికి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. ఒక ఇంటి ఇద్దరిలో ఒకరు కొండమీద నేలకొరిగితే, ఒకరు ఢిల్లీ సభలో కూర్చున్నారు. ఏ నవలాకారుడికైనా యింతకంటె ఏం కావాలి? ఆ మిగిలిన సోదరుడి మనసులో ఏముండివుండాలి? వాళ్లు చిన్నప్పుడు ఒకరినొకరు ఏమని వెక్కిరించుకునివుండాలి? కాని సీతారామరాజు కథ చెప్పుకునేటప్పుడు గాం సోదరులు మన నోట "గంటందొర–మల్లుదొర" అని ఒకే ఊపిరిలో, రెండు తలల ఒకే మనిషిలా వస్తారు. ఐక్యత పేరుతో మనం వాళ్లను వేరువేరు మనుషులు కాకుండా చేశాం. ఐక్యత అనేది వేరువేరు మనుషులు కలవడం. అచ్చుగుద్దిన బొమ్మలకు దాని అవసరం లేదు.

6

ఆనాటి తరగతి తర్వాత నేను విద్యార్థులకు ఒక పని అప్పగించాను. మీ ఇంట్లో తోబుట్టువులు మిమ్మల్ని ఏమని వెక్కిరిస్తారో రాసుకురండి అన్నాను. తప్పులు దిద్దను, మార్కులు వేయను అన్నాను. వచ్చిన కాగితాల్లో రెండింటి గురించి చెబుతాను.

ఒక కుర్రవాడు రాశాడు. అతన్ని ఐదో ఏట ఆశ్రమ పాఠశాలలో వేశారు. తమ్ముణ్ణి పశువులు కాయడానికి ఇంట్లో ఉంచుకున్నారు. సెలవులకు ఇంటికి పోతే తమ్ముడు అతన్ని "తెలుగు బాబు" అని పిలుస్తాడు. ఇంట్లో మాట్లాడే భాషలో ఇతను ఒక మాటకోసం తడుముకుంటే తమ్ముడు నవ్వుతాడు. "నీకు ఆవు పేర్లు తెలీవు, నాకు అక్షరాలు తెలీవు, ఇద్దరం సగం సగం మనుషులం" అన్నాడట ఒకసారి. కాగితం చివర ఆ కుర్రవాడు రాసిన వాక్యం యిది: "వాడు నవ్వుతూనే అంటాడు మాస్టారూ, కాని ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను."

ఇది గిల్లికజ్జా అవునా, కాదా? అవును. అయితే యిది విద్యావిధానం మీద విమర్శ కూడా. పదిమంది నిపుణులు నివేదికలో రాయలేని మాటను పశువులు కాసే తమ్ముడు ఒక ఎగతాళిలో అన్నాడు. చెయ్యెత్తే బలం లేనివాడికి, అధికారం లేనివాడికి, వయసులో చిన్నవాడికి మొదట దొరికే ఆయుధం వెక్కిరింత. అది రాజకీయం పుట్టకముందటి రాజకీయం. విమర్శ పుట్టకముందటి విమర్శ.

రెండో కాగితం ఒక అమ్మాయిది. వాళ్ల నాన్న ఉన్నప్పుడు నాటిన కాఫీ తోట వున్నది. నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటిమీదికి పాకించిన మిరియాల తీగలు. నవంబరు వస్తే ఎర్రబడ్డ పళ్లు కోసేది తల్లి, ఈ అమ్మాయి, వదిన. పట్టా అన్న పేరునా వదిన పేరునా వచ్చింది. ఆ అమ్మాయి అన్నను ఆటపట్టిస్తుంది: "ఏరేది నా వేళ్లు, పేరేమో నీది. ఆ కాగితం మీద కొంచెం చోటుంటే నా వేలిముద్ర కూడా వేసుకోనా?" అన్న నవ్వుతాడు. "పెళ్లిచేసుకుని పో, అక్కడ రాస్తారు నీ పేరు" అంటాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వులో ఒక చట్టం మొత్తం వున్నది.

ఆ చట్టం ఏమిటో చూద్దాం. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఒక చరిత్రాత్మక విజయం. తరతరాలుగా పోడు చేసుకుంటున్నవాణ్ణి ఆక్రమణదారు అన్న రాజ్యం చేత, అన్యాయం జరిగిందని ఒప్పించిన చట్టం అది. పెళ్లయినవారికి భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలని నాలుగో సెక్షను చెబుతున్నది. ఇది కూడా గొప్ప ముందడుగే. కాని అన్న ఇంట్లో వుండి పనిచేసే పెళ్లికాని చెల్లెలు? మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చిన అక్క? ఆ జంటపేర్ల పట్టాలో ఆమెకు వరస లేదు. వారసత్వం సంగతికి వద్దాం. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. 2005 సవరణతో కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వచ్చింది. మన రాష్ట్రంలో ఆ మార్పు అంతకు ఇరవైయేళ్లు ముందే మొదలైంది. కాని ఆ చట్టం రెండో సెక్షనులోనే వున్నది — కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు యిది వర్తించదని. 2022లో సుప్రీంకోర్టు యీ విషయం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. 2025లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గిరిజన కుటుంబం కేసులో, అడ్డుపడే ఆచారం వున్నదని రుజువు కానప్పుడు ఆడబిడ్డ వారసులకు సమాన వాటా కాదనరాదని తీర్పు ఇచ్చింది.

పాఠకులు తొందరపడవద్దు. మైదానపు చట్టాన్ని తెచ్చి కొండమీద పరిచేస్తే సమస్య తీరుతుందని నేను అనడం లేదు. గిరిజన ఆచారాన్ని బయటివారి చట్టాలు మింగెయ్యకుండా కాపాడవలసిన అవసరం వున్నది. వాటాలు పెరిగిన కొద్దీ భూమి చేతులు మారే ప్రమాదమూ వున్నది. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1959 నిబంధన, 1970 సవరణ, 1997 సమతా తీర్పు కట్టిన గోడలను ఎవరూ పగలగొట్టగూడదు. ఇదంతా నిజం. కాని యీ చర్చలో వకీళ్లు మాట్లాడుతున్నారు, అధికారులు మాట్లాడుతున్నారు, సంఘాలవారు మాట్లాడుతున్నారు. అన్నను ఆటపట్టించే ఆ చెల్లెలు ఎక్కడ మాట్లాడాలి? ఆమె మాట ఏ అర్జీలోనూ పట్టదు. అది అర్జీ కాదు, అభియోగం కాదు, అన్నమీద ద్వేషం అసలే కాదు. రేపు అన్నకు జ్వరం వస్తే కొండ దిగి మందు తెచ్చేది ఆమే. ప్రేమా అభియోగమూ ఒకే నోట, ఒకే నవ్వులో వచ్చే యీ మాటకు చోటివ్వగలిగేది కథ ఒక్కటే. ఆ చోటు కూడా మనం మూసేశాం.

పోడు వ్యవసాయం నడిచిన రోజుల్లో కొండమీద "దాయ" అనే మాటకు శత్రువు అనే అర్థం యింత బలంగా వుండి వుండదు. ఈ ఏడు యీ వాలు, పై ఏడు ఆ వాలు అన్న చోట గట్టు తగాదాకు గట్టే వుండదు. పట్టా వచ్చింది, కాఫీ వచ్చింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గింజల పేరు దూరదేశాలదాకా పోయింది. ఇవన్నీ రావలసినవే, పోరాడి తెచ్చుకున్నవే. కాని వీటితోపాటు వాటా వచ్చింది, వాటాతోపాటు దాయాది వచ్చాడు. ఒక సమాజంలో "దాయ" అనే మాట తన రెండో అర్థాన్ని తెచ్చుకుంటూ వుండడం మన కళ్లముందే జరుగుతున్నది. మైదానంలో అది వేల ఏళ్ల కిందట, నిఘంటువులు పుట్టకముందే జరిగిపోయింది. అప్పుడు చూసి రాసినవాడు లేడు. ఇప్పుడు మనం వున్నాం. వుండి ఏం రాస్తున్నాం? అడ్డాకులు, ముల్లు, కన్నీళ్లు!

7

చివరగా ఒక స్వంత విషయం. మా అన్న పదో తరగతితో చదువు మానేశాడు. ఇంట్లో ఒక్కరిని చదివించే డబ్బే వుంది. నేను మార్కులు బాగా తెచ్చుకునేవాణ్ణి. నేను ఎమ్మే తెలుగు చదివాను. అన్న నాగలి పట్టాడు. ఇప్పటికీ నేను ఇంటికి పోతే వీధిలోనే కేక వేస్తాడు: "ఏమే, పంతులుగారొచ్చారు, మట్టి అంటకుండా కుర్చీ వెయ్యండి." వదిన నవ్వుతుంది, పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వి కుర్చీలో కూర్చుంటాను. ఆ ఎగతాళికి నేను యింతవరకు జవాబు చెప్పలేదు. జవాబు లేదు గనుక చెప్పలేదు. నా ఎమ్మేలో అతని వాటా ఎంత అన్నది ఏ కోర్టూ తేల్చదు.

ఈ సంగతి తెలిసి వుండి కూడా, నేను కొండ పిల్లల గురించి రాసినప్పుడు వాళ్ల మధ్య యింత మాత్రం మాట కూడా లేకుండా రాశాను. నా ఇంట్లో వున్నదాన్ని వాళ్ల ఇంట్లో లేదనుకున్నాను. వాళ్లు నాకంటె మంచివాళ్లని అనుకున్నాననుకున్నాను. నిజానికి వాళ్లు నాకంటె తక్కువ మనుషులని అనుకున్నాను. ఆ రెండూ ఒకటేనని వెనక బెంచీ అమ్మాయి ఒక్క నవ్వుతో తేల్చింది.

కనుక మిత్రులారా, రచయితలకూ, ముఖ్యంగా కళాశాలల్లో సాహిత్యం చెప్పే నావంటివారికీ నా మనవి యిది. కొండమీది ఇంటిని గురించి రాసేముందు సావుకారు సంగతి ఒక్క గడియ పక్కన పెట్టండి. ఆ ఇంట్లో పెద్దపండు ఎవరికి వచ్చిందో కనుక్కోండి. ఎవరిని బడికి పంపారో, ఎవరిని పశువుల వెంట పంపారో కనుక్కోండి. ఎవరు ఎవరిని ఏ పేరు పెట్టి పిలుస్తారో, ఆ పేరు వింటే ఎవరు నవ్వుతారో, ఎవరు ఆ పూట అన్నం మానేస్తారో కనుక్కోండి. అది తెలిస్తే సావుకారు ఏ తలుపులోంచి లోపలికి వచ్చాడో దానంతటదే తెలుస్తుంది. అది తెలియకుండా రాసిన కథలో సావుకారు గాలిలోంచి ఊడిపడతాడు. గాలిలోంచి ఊడిపడ్డవాణ్ణి గొడ్డలితో గాని, చట్టంతో గాని, ఉద్యమంతో గాని ఎవరూ ఎదుర్కోలేరు.

నా పాత కథను నేను తిరిగి రాస్తున్నాను. అన్నా చెల్లెలూ అడ్డాకులకు పోతారు. చెల్లెలి కాలిలో ముల్లు దిగుతుంది. అన్న వెంటనే తియ్యడు. బతిమాలించుకుంటాడు. ఆమె బతిమాలుతూనే, పట్టాలో తన పేరు సంగతి అడుగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఇంకా రాయలేదు. పూర్తయ్యాక మళ్లీ అదే తరగతిలో చదువుతాను. ఈసారి రచయిత పేరు ముందే చెబుతాను.